పదకొండు దేశాల రుచులు, ఒక్కటే కాలేయం

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వచ్చే మన తెలుగు తల్లిదండ్రులలో చాలామంది ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో చూడకుండా తిరిగి వెళ్ళరు. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఎప్‌కాట్ అనే విహారవనం ఒకటి ఉంది. 1982 అక్టోబరు 1వ తేదీన అది ప్రారంభమయింది. అందులో ఒక పెద్ద సరస్సు, దాని చుట్టూ మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్సు, బ్రిటన్, కెనడా దేశాల నమూనా వీథులు ఉంటాయి. సరస్సును ఒకసారి చుట్టి రావాలంటే సుమారు 2 కిలోమీటర్లు నడవాలి. 1990ల మధ్యకాలం నుండి ప్రతి సంవత్సరం అక్కడ అంతర్జాతీయ ఆహార, ద్రాక్షాసవాల ఉత్సవం జరుగుతోంది. ఇటీవలి సంవత్సరాలలో అది వేసవి చివర మొదలై నవంబరు వరకు సాగుతోంది. ఆ శాశ్వతమైన పదకొండు వీథులలో భారతదేశం లేదు గాని, కొన్ని సంవత్సరాలు ఉత్సవపు దుకాణాలలో మన దేశానికి కూడ చోటు దొరికింది.

ఆ ఉత్సవం గురించి ఒక వైద్యుడు వ్రాయవలసింది ఏముంటుందని పాఠకులకు అనిపించవచ్చు. మధుమేహానికి మందులు వేసుకునేవారు, రక్తపుపోటు ఉన్నవారు, ఎప్పుడో తప్ప మద్యం ముట్టనివారు సరదాగా అడుగుపెట్టే చోటు అది. ఆ సరదాలో శరీరానికి ఏమి జరుగుతుందో తెలిసి ఉండటం అవసరం.

ముందు మంచి విషయం చెబుతాను. కొత్త రుచులంటే నాకు ఇష్టం. కాగితపు గిన్నెలో నాలుగు చెంచాల వేడి చీజు సూపు, అరచేతిలో ఇమిడే రొట్టెలో జర్మనీ సాసేజి, ఆపిల్ ముక్కలను పలుచని పిండిపొరలలో చుట్టి కాల్చిన స్ట్రూడెల్, ఇలా ప్రతి దుకాణంలోను చిన్న చిన్న వడ్డనలే. ఒక్కొక్క వడ్డనను విడిగా చూస్తే అది అమెరికాలోని మామూలు ఫలహారశాల పళ్ళెం కంటె ఎంతో మితమైనది. శాకాహారులు మాత్రం ఒక విషయం గమనించాలి. పేరులో మాంసం లేనంత మాత్రాన పదార్థంలో లేదనుకోరాదు. ప్రసిద్ధమైన కెనడా చెడ్డర్ చీజు సూపులో సాంప్రదాయికంగా పందిమాంసపు బేకను వేస్తారు. అడిగితే దుకాణంలోనివారు విసుగు లేకుండా చెబుతారు.

చిక్కు వడ్డన పరిమాణంలో లేదు, వడ్డనల సంఖ్యలో ఉంది.

మన పెళ్ళిభోజనంలో విస్తరి మన ముందే ఉంటుంది. పప్పు, కూర, పచ్చడి, పులిహోర, బూరె అన్నీ కంటికి కనిపిస్తాయి. ఎంత తిన్నామో, ఇంకా ఎంత మిగిలిందో ఆకు చెబుతుంది. చివరకు పెరుగన్నం వచ్చిందంటే భోజనం ముగిసిందని కడుపుకు, మనసుకు కూడ తెలుస్తుంది. ఈ ఉత్సవంలో విస్తరి లేదు. తిన్న ప్రతి పళ్ళెం వెంటనే చెత్తబుట్టలోకి పోతుంది. పదవ పళ్ళెం చేతిలోకి వచ్చేటప్పటికి మొదటి తొమ్మిదింటి సాక్ష్యం ఎక్కడా ఉండదు. పెరుగన్నమూ రాదు. ఉత్సవంవారు ఇచ్చే 'పాస్‌పోర్టు' అనే చిన్న పుస్తకంలో ఇంకా తిరగని దేశాల పుటలు మనలను పిలుస్తూ ఉంటాయి.

దీనికి శరీరధర్మశాస్త్రంలో కారణం ఉంది. ఒకే పదార్థాన్ని తింటూ ఉంటే ఆ రుచి మీద మోజు క్రమంగా తగ్గుతుంది, కాని మరొక రుచి మీద మోజు తగ్గదు. కడుపు నిండిన తరువాత కూడ మిఠాయికి చోటు దొరకటానికి ఇదే కారణం. 1981లో బార్బరా రోల్స్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో ఒకే రకపు సాండ్‌విచ్‌లు పెట్టినప్పటి కంటె నాలుగు రకాలవి పెట్టినప్పుడు మనుషులు సుమారు మూడవ వంతు ఎక్కువ తిన్నారు. నాలుగు రకాలకే ఆ ఫలితమైతే పదకొండు దేశాల మాట చెప్పనక్కర లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక వడ్డనకు 250 కాలరీలు అనుకుంటే ఎనిమిది వడ్డనలకు 2,000 కాలరీలు. చాలామంది పెద్దవారికి అది ఒక రోజంతటికీ సరిపోయే శక్తి. 'నడుస్తున్నాము కదా, అరిగిపోతుంది' అని సమాధానం చెప్పుకుంటాము. 70 కిలోల మనిషి 2 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 100 కాలరీలు. అంటే సరస్సును ఒకసారి చుట్టి వచ్చినా ఒక్క వడ్డనలో సగమైనా కరగదు. తిన్న తరువాత నడవటం వలన రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గే మాట నిజం. కాని అది తిన్నదాని లెక్కను చెరిపివేయదు.

ఇక ద్రాక్షాసవం సంగతి. అమెరికాలో ఒక ప్రమాణ పానీయం అంటే 14 గ్రాముల ఆల్కహాలు ఉన్నది. 12 శాతం ఆల్కహాలు ఉన్న వైను 150 మిల్లీలీటర్లు గాని, 5 శాతం ఉన్న బీరు 355 మిల్లీలీటర్లు గాని తాగితే అంత ఆల్కహాలు శరీరంలోకి చేరుతుంది. ఉత్సవపు గ్లాసు చిన్నది. అందులో 90 మిల్లీలీటర్ల వైను ఉందనుకుందాం. 'ఇది గుక్కెడే కదా' అనిపిస్తుంది. ఆరు దేశాలలో ఆరు గుక్కలు తీసుకుంటే 50 గ్రాములకు పైగా ఆల్కహాలు, అంటే దాదాపు నాలుగు ప్రమాణ పానీయాలు. కాలేయం సగటున గంటకు సుమారు ఒక ప్రమాణ పానీయాన్ని మాత్రమే విచ్ఛిన్నం చేయగలదు. దేశాలు మారినా, గ్లాసులు మారినా, పని చేసే కాలేయం ఒక్కటే. దానిని తొందరపెట్టే మందు లేదు. కాఫీ, చన్నీటిస్నానం ఆ పని చేయలేవు.

ఎఱ్ఱ వైను గుండెకు మంచిదనే నమ్మకం మన వారిలో కూడ ప్రబలింది. 1990ల ఆరంభంలో ఫ్రెంచివారి ఆహారాన్ని, వారి గుండెజబ్బులను పోల్చి చేసిన చర్చల వలన ఆ మాట లోకమంతా పాకింది. తరువాతి పరిశోధనలలో ఆ ఆధారం బలహీనపడింది. జబ్బు వలన తాగుడు మానివేసినవారిని కూడ 'తాగనివారి' లెక్కలో చేర్చటం, మితంగా తాగేవారికి ఇతరత్రా మంచి అలవాట్లు ఉండటం పాత లెక్కలను తారుమారు చేశాయి. మద్య పానీయాలను అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1988లోనే కేన్సరు కారకాలలో చేర్చింది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. వైను తాగదలచినవారు రుచి కొఱకు తాగవచ్చు, మందు అనుకొని తాగరాదు.

ఇవన్నీ నెమ్మదిగా చేసే హాని. ఒక్క పూటలోనే ప్రాణం మీదకు తెచ్చే సంగతి వేరొకటి ఉంది. దానిని నేను ఆ ఉత్సవంలోనే చూశాను. మా బావగారి అనుమతితోనే ఇక్కడ వ్రాస్తున్నాను.

తెనాలి నుండి వచ్చిన మా అక్కను, బావగారిని మేనల్లుడు ఎప్‌కాట్‌కు తీసుకువచ్చాడు. నేను నేరుగా పార్కు ద్వారం దగ్గర వారిని కలుసుకున్నాను. బావగారు డెబ్బయి దాటినవారు, మధుమేహానికి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆయన పెళ్ళిళ్ళలో తప్ప మద్యం ముట్టరు. ఆ రోజు రెండు చిన్న గ్లాసులు తీసుకున్నారు. ఎండ, ఉక్క బాగా ఉన్నాయి. ఇటలీ దాటేటప్పటికి ఆయన మాట తడబడసాగింది. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. అడిగినదానికి పొంతన లేని సమాధానం చెప్పి, చిరాకుగా "నాకేమీ కాలేదు, మీరు పదండి" అన్నారు.

"రెండు గ్లాసులకే ఎక్కినట్టుంది మామయ్యా. నీడలో కాసేపు కూర్చోబెడదాం" అన్నాడు మేనల్లుడు. చుట్టూ నడుస్తున్నవారు కూడ అలాగే అనుకొని నవ్వుకుంటూ పోయారు. అక్క మాత్రం నవ్వలేదు. "పొద్దున మాత్ర వేసుకున్నారురా, టిఫిన్ తినలేదు. ఇక్కడ అన్నీ తినాలి కదా అని పొట్ట ఖాళీగా ఉంచుకున్నారు" అన్నది.

ఆ ఒక్క మాటతో విషయం తేలిపోయింది. అక్క సంచిలో గ్లూకోమీటరు ఉంది. వేలు గుచ్చి చూస్తే 52 వచ్చింది. మింగగలిగే స్థితిలో ఉన్నారు కనుక వెంటనే పండ్లరసం తాగించాము. పదిహేను నిమిషాల తరువాత 68, మరొకసారి ఇచ్చాక 91. చెమట ఆరింది, మాట కుదుటపడింది. అప్పుడు రొట్టె, సూపు తినిపించి ఇంటికి తీసుకువెళ్ళాము. ఆ మందు ప్రభావం చాలా గంటలు ఉంటుంది గనుక మర్నాటి ఉదయం వరకు చక్కెర పరీక్షిస్తూనే ఉన్నాను. తెల్లవారాక ఆయన "ఏమోయ్ డాక్టరూ, మనం ఇంకా ఆరు దేశాలు చూడలేదు" అన్నారు. అక్క చూసిన చూపుకు మళ్ళీ మాట్లాడలేదు.

ఇది ఎందుకు జరిగిందో వివరిస్తాను. మనం తిననప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది కాలేయం. అది ముందు తనలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను గ్లూకోజుగా మార్చి వదులుతుంది, ఆపై లాక్టేటు, ఎమైనో ఆమ్లాల వంటి వాటి నుండి కొత్త గ్లూకోజును తయారు చేస్తుంది. ఆల్కహాలు వచ్చినప్పుడు కాలేయం దానిని విచ్ఛిన్నం చేయటానికి ఎన్ఏడీ అనే సహాయక పదార్థాన్ని ఖర్చు చేస్తుంది. కొత్త గ్లూకోజు తయారీకి కూడ అదే కావాలి. అందువలన ఆ తయారీ కుంటుపడుతుంది. గ్లిమిపిరైడ్ వంటి సల్ఫొనైల్‌యూరియా మందులు రక్తంలో చక్కెర ఎంత ఉన్నదీ చూడకుండా క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. నడుస్తున్న కండరాలు గ్లూకోజును లాగుకుంటాయి. ఉపవాసం, మాత్ర, నడక, మద్యం ఈ నాలుగూ ఒక్కచోట కలిశాయి. విడివిడిగా ఏ ఒక్కటీ అంత కీడు చేసి ఉండేది కాదేమో.

ఇందులోని అసలు ప్రమాదం మరొకటి. చెమట, తడబాటు, తూలుడు, చిరాకు, అయోమయం ఇవి చక్కెర పడిపోయిన లక్షణాలు. వీటిలో చాలా వరకు తాగినవాడి లక్షణాలు కూడ. మద్యం వాసన వచ్చే మనిషి తూలితే ఎవరూ గ్లూకోమీటరు వెతకరు. నిద్రపోనీయండి అంటారు. చక్కెర పడిపోయిన మనిషిని నిద్రపోనిస్తే అపస్మారకం, మూర్ఛ, ఒక్కొక్కప్పుడు మరణం కూడ సంభవించవచ్చు. అందుచేత మధుమేహానికి మందులు వాడే మనిషి తూలితే, ఎంత తాగినా, ఏమీ తాగకపోయినా, ముందు చక్కెర చూడాలి. పరికరం లేకపోతే చక్కెర పడిపోయిందనే భావించి వైద్యం చేయాలి.

ఇటువంటి ఉత్సవాలకు వెళ్ళే పాఠకులు గుర్తుంచుకోవలసినవి:

1. మాత్రగాని, ఇన్సులిన్‌గాని తీసుకున్న రోజు ఉదయపు ఆహారం మానరాదు. మందు మోతాదు మార్చాలంటే ముందుగానే మీ వైద్యుని అడగాలి.

2. మద్యం తీసుకోదలచినవారు ఖాళీ కడుపుతో తీసుకోరాదు. ఒక గ్లాసును ఇద్దరు పంచుకుంటే రుచి తెలుస్తుంది, మోతాదు సగమవుతుంది. ఆల్కహాలు వలన చక్కెర కొన్ని గంటల తరువాత, మర్నాటి ఉదయం కూడ పడిపోవచ్చు. రాత్రి పడుకునే ముందు పరీక్షించుకోవాలి.

3. చక్కెర 70 కంటె తగ్గితే 15 గ్రాముల చక్కెర ఇవ్వాలి. సుమారు 120 మిల్లీలీటర్ల పండ్లరసం గాని, నీటిలో కలిపిన నాలుగు చిన్న చెంచాల పంచదార గాని సరిపోతుంది. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. చాకొలెట్, ఐస్‌క్రీములలోని కొవ్వు వలన చక్కెర ఆలస్యంగా రక్తంలోకి చేరుతుంది. డయట్ పానీయాలు పనికిరావు.

4. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, అమెరికాలో అయితే 911కు ఫోను చేయాలి.

5. మెట్‌ఫార్మిన్ వాడేవారు ఎక్కువగా మద్యం తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. మూత్రం ఎక్కువగా వచ్చే రక్తపుపోటు మందులు వాడేవారికి ఎండ, చెమట, మద్యం కలిసి పోటు పడిపోవచ్చు. గ్లాసు గ్లాసుకు మధ్య మంచినీరు తాగాలి.

6. బీటా బ్లాకరు మందులు చేతుల వణుకును, గుండెదడను కప్పివేయవచ్చు. చెమటను కప్పలేవు. అకారణంగా చెమట పట్టితే అనుమానించాలి.

7. వాడుతున్న మందుల పేర్లు వ్రాసిన కాగితం జేబులో ఉండాలి. గ్లూకోమీటరు ఇంట్లో కాదు, వెంట ఉండాలి. తిరిగి కారు నడిపేవారు అసలు తాగరాదు.

లోకంలోని రుచులన్నిటినీ ఒక్క సాయంత్రంలో చూడాలనే కోరికలో తప్పు లేదు. ముగ్గురో నలుగురో కలిసి వెళ్ళి, ఒక వడ్డనను పంచుకొని, ఒక బల్ల దగ్గర కూర్చొని తింటే పదకొండు దేశాలకూ న్యాయం జరుగుతుంది. వెళ్ళే రోజు ఉదయం మాత్రం ఇంట్లో రెండు ఇడ్లీలు తిని బయలుదేరండి.