తొమ్మిదో లోకం

కామారెడ్డిలో మా పెద్దనాయిన ఇంట్లో ఒక టీవీ గేమ్ ఉండేది. కేసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది, లోపల ఉన్నవి ముప్పై కూడా ఉండవు. మేముండేది ఎల్లారెడ్డి. ఎండాకాలం సెలవులివ్వగానే బస్సెక్కి అక్కడ దిగిపోయేవాణ్ణి. అన్న నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఇద్దరం ఆడితే ఆయన మారియో, నేను లుయీజీ. ఒకరు చస్తేనే ఇంకొకరికి ఛాన్సు. అన్న అంత తొందరగా చావడు. నా చిన్నతనంలో సగం సెలవులు అన్న ఎప్పుడు చస్తాడా అని చూడడంలోనే అయిపోయాయి.

2000 ఎండాకాలం నేను కాస్త ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే అన్న ఒక కొత్త కేసెట్ అద్దెకు తెచ్చి, ఆడి, తిరిగిచ్చేశాడు. కేసెట్ లేదు, దాని కథ మాత్రం ఉంది. "ఎనిమిదే కాదురా, తొమ్మిదో లోకం ఉన్నది. తింటే సచ్చే పుట్టగొడుగు ఉన్నది. గాలి కొడ్తే మారియో కొట్కపోతడు. ఆఖర్ల ఇటుకలతోని చైనా అక్షరాలు రాసున్నయ్. గవి చూస్తుంటెనే కరెంటు పోయింది."

ఆ రాత్రి డాబా మీద పిల్లలందరి ముందు నేను పడీపడీ నవ్వాను. లోకాలు ఎనిమిదే అని నాకు గట్టిగా తెలుసు. పుట్టగొడుగు తింటే పెద్దగవుతాం గానీ చస్తామా? అందరూ నవ్వారు. అప్పట్నుంచి అన్న ఏం చెప్పినా "తొమ్మిదో లోకమా?" అనడం మా ఇంట్లో అలవాటైపోయింది. కొన్నేళ్లకు అన్న షాపు పెడతానని మా బాపును డబ్బు అడిగాడు. బాపు ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి, కానీ నవ్వుతూ అన్నది మాత్రం ఆ మాటే. అన్న మా ఇంటికి రావడం తగ్గింది.

2020లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఎల్లారెడ్డి వచ్చి పడ్డాను. అమెరికా నుంచి వచ్చిన కజిన్ దగ్గర కొన్న నింటెండో స్విచ్ ఒకటి ఉంది. సెప్టెంబర్‌లో, మారియో 35 ఏళ్ల సందర్భంగా, 'సూపర్ మారియో ఆల్ స్టార్స్' అందులోకి వచ్చింది. ఇది 1993 నాటి సంకలనం. 8 బిట్ల కాలం నాటి నాలుగు ఆటలకు 16 బిట్ల బొమ్మలు, కొత్త మ్యూజిక్, సేవ్ చేసుకునే వీలు. సేవ్! కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చిన మాలాంటి వాళ్లకు అది ఎంత పెద్ద వరమో చెప్పక్కర్లేదు.

రీమాస్టర్‌గా మాత్రం నాకు దీనితో కొంచెం పేచీ ఉంది. 1985 నాటి ఆట మొత్తం 40 కిలోబైట్లు. చోటు సరిపోక మేఘం బొమ్మకే పచ్చరంగు పూసి పొదగా వాడుకున్నారు. ఆ పొదుపు నాకు మంచి కోడ్ చదివినంత ఇష్టం. ఆల్ స్టార్స్‌లో మేఘం మేఘమే, పొద పొదే. ఇటుకను తలతో పగలగొడితే పాత మారియో వెంటనే కిందికి పడేవాడు, ఇందులో ఇంకా పైకే పోతాడు. అలవాటైన చేయి అక్కడ తడబడుతుంది.

ఇక మెనూలో రెండోది, 'ది లాస్ట్ లెవెల్స్'. 1986లో జపాన్‌లో డిస్కు మీద వచ్చిన అసలు 'మారియో 2' ఇదే. అమెరికా వాళ్లకు మరీ కష్టమని నింటెండో బయటికి పంపలేదు. వాళ్లు 'మారియో 2' అని ఆడింది వేరే ఆటకు వేషం మార్చినది. ఈ అసలుది జపాన్ దాటి అధికారికంగా వచ్చింది 1993లో, ఈ సంకలనంతోనే. అధికారికంగా. దొంగ కేసెట్లకు ఆ పట్టింపేం లేదు కదా.

1-1లోనే ఒక పుట్టగొడుగు వచ్చింది. తిన్నాను. చచ్చాను.

ఆటను పాజ్ చేసి కాసేపు అట్లాగే కూర్చున్నాను. తర్వాత వారం రోజులు, ఆఫీస్ కాల్స్ మధ్య, రివైండ్ బటన్‌ను సిగ్గులేకుండా వాడుతూ ఆడాను. గాలి కొట్టింది. మారియో కొట్టుకుపోయాడు. వార్ప్‌లు వాడకుండా ఎనిమిది లోకాలూ దాటితే తొమ్మిదోది తెరుచుకుంది. 9-4లో ఇటుకలతో రాసి ఉంది: థాంక్యూ. ఇంగ్లీషులో.

అన్న చెప్పింది చైనా అక్షరాలు కదా. ఇంత నిజమయ్యాక ఆ ఒక్కటీ అబద్ధమైతే బాగుండునని, నిజం చెప్పాలంటే, ఒక క్షణం అనిపించింది. పాత డిస్కు వెర్షన్ వీడియో వెతికి చూశాను. అదే చోట, అవే ఇటుకలు, జపాన్ అక్షరాలు: అరిగాతో. రీమాస్టర్ చేసినప్పుడు వాటిని మార్చేశారు. అన్న దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం ఈ కొత్తదాంట్లో లేదు. పుట్టగొడుగుకైతే పుర్రె ముఖం గీసి మరీ పెట్టారు, ఎవరూ మోసపోకుండా. పాతదాంట్లో రంగు తేడా ఒక్కటే.

ఫోన్ చేశాను. మొత్తం విని, "అక్షరాలా? గవన్నీ యాదికి లేవురా తమ్మీ" అన్నాడు. కాసేపాగి, "డాబా మీద నువ్వు నవ్వింది యాదికుంది" అన్నాడు. సారీ అందామనుకున్నాను, ఆ వయసులో అన్నదానికి ఇప్పుడేంటన్నట్టు మాట మార్చేశాడు. బాపు అన్నమాట ఇద్దరం ఎత్తలేదు.

ఆదివారం స్విచ్ పట్టుకుని కామారెడ్డి వెళ్లాను. లాస్ట్ లెవెల్స్‌లో ఇద్దరాడే మోడ్ లేదు. మారియోనో లుయీజీనో ఒక్కరినే ఎంచుకోవాలి. కంట్రోలర్ అన్న చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. 1-1 మొదలుపెట్టాడు. ఆ బ్లాకును గుద్దాడు. నేను నోరు తెరిచేలోపే, పుట్టగొడుగు ఇంకా సగం కూడా పైకి రాకముందే, వెనక్కి జరిగాడు.