నిక్లాస్ గాల్ఫ్ ప్రస్థానము

వయసు మీఱినవానికి ఆటలేలయని కొందఱందురు. నేనొప్పుకొనను, అమెరికా దేశీయుడగు జాక్ నిక్లాస్‌ను సాక్షిగా నిలుపుదును.

గాల్ఫ్ ఆటలో చిన్న బంతిని కఱ్ఱతో కొట్టి పదునెనిమిది గుంటలలో వరుసగా వేయవలెను. దెబ్బలెంత తగ్గిన అంత మేలు. 1940లో జన్మించిన నిక్లాస్ 1960 నాటి యు.ఎస్. ఓపెన్ పోటీలో రెండవవాడయ్యెను. కాని యప్పటికి అమెచ్యూర్, అనగా వేడుకకై ఆడువాడు, అగుటచే బహుమాన ధనము ముట్టరాదు. 1961 తుదిని వృత్తిక్రీడాకారుడై, మఱుసటి యేడు ఆ పోటీనే గెలిచెను.

తరువాతి విజయములనేకము. నన్నాకర్షించినది 1986 నాటి మాస్టర్స్ పోటీ. అప్పటికతనికి నలువదియాఱేండ్లు. ఇతని పని ముగిసినదని ఒక పత్రిక వ్రాయగా, మిత్రుడొకడు ఆ కాగితమును బసలోని రిఫ్రిజిరేటరుకు అంటించెనట! తుదినాడు కఱ్ఱల సంచిని పెద్దకుమారుడు మోయగా, నిక్లాస్ కడపటి తొమ్మిది గుంటలను 30 దెబ్బలలో ముగించి, ఒక్క దెబ్బ తేడాతో గెలిచెను. అంత వయసున ఆ పోటీని అంతకుముందెవ్వరును గెలువలేదు.

1990లో ఏబదేండ్లు నిండగా సీనియర్ల పోటీలలో ప్రవేశించి, ఆడిన మొదటిదానినే గెలిచెను. 2005లో, అఱువదియైదేండ్ల వయసున, స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌లో తుదిసారి బ్రిటిష్ ఓపెన్ ఆడెను. గెలుపు దక్కలేదు. చిట్టచివరి గుంటకు నాలుగు దెబ్బలు లెక్క. అతడు మూడింటనే ముగించెను.