అబ్బా జేబులో మిగిలిన కాయిన్

బక్రీద్‌కి ఉయ్యూరు వచ్చిన మా పెద్దోడు, ఖుర్బానీ గోష్ పంపకాలు అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి "అమ్మీ, ఇలా చూడు" అన్నాడు. స్క్రీన్ నిండా గుండ్రటి బిళ్లలు. మధ్యలో చెరకు గడ, చుట్టూ తెలుగులో "ఉయ్యూరు". పోకర్ చిప్పులట. బెంగళూరులో శనివారం రాత్రి దోస్తులంతా వీడి రూములో ఆడుకుంటారట. బజారులో దొరికేవి వద్దు, మన ఊరి పేరుతో చేయించుకోవాలని షౌఖ్.

"పైసలు పెడతారా?"

"తౌబా, లేదమ్మీ. ఆట అయ్యాక చిప్పులు డబ్బాలో పెట్టేస్తాం. ఓడినోడు అందరికీ చాయ్ పెట్టాలి, అంతే."

చాయ్ కూడా పందెమేగా అని నోటిదాకా వచ్చింది. పండగ పూట ఎందుకని ఊరుకున్నాను.

షాదీకి లెక్క వేసినట్టు వేశాడు. ఎనిమిది మంది, మనిషికి యాభై, అంటే నాలుగు వందలు. మధ్యలో అయిపోయినవాళ్లకి ఇంకో వంద. తెల్లది ఒకటి, ఎర్రది అయిదు, ఆకుపచ్చది పాతిక, నల్లది వంద. అమెరికాలో ఎక్కువగా నడిచే రివాజు అదేనట. వెడల్పు 39 మిల్లీమీటర్లు, బరువు పది గ్రాములు. సిరామిక్‌దైతే అంచు దాకా బొమ్మ అచ్చవుతుందట. మొత్తం అయిదు కేజీల బిళ్లలు! మా ఇంట్లో అయిదు కేజీలంటే బాస్మతి బస్తాయే.

"మరీ అంత బరువెందుకురా?"

"చేతిలో వజన్ ఉండాలమ్మీ. గలగలమని చప్పుడు రావాలి. అప్పుడే మజా."

ఆ చప్పుడు అనగానే నాకు అబ్బా గుర్తొచ్చాడు.

అబ్బా రమ్మీ ఆడేవాడు. ఇంట్లో కాదు, క్లబ్బులో. అక్కడ బల్ల మీద నోట్లు కనపడవు. లోపలికి వెళ్లగానే డబ్బు కట్టి ప్లాస్టిక్ కాయిన్లు తీసుకోవాలి, పోయేటప్పుడు మిగిలినవి మార్చుకోవాలి. అబ్బా ఎప్పుడూ "ఇవాళ వెయ్యి పోయింది" అనలేదు. "పది కాయిన్లు పోయాయి" అనేవాడు, గుండీలు పోయినట్టు. ఫ్యాక్టరీ నుంచి చెరకు డబ్బు వచ్చిన వారంలో ఆ గుండీలు ఎక్కువ పోయేవి. కాలవ పక్కన ఎకరంన్నర అలాగే వెళ్లిపోయింది. అమ్మ ఎన్ని బురఖాలు కుడితే ఆ ఎకరంన్నర వస్తుంది?

ఎవరైనా నసీహత్ చెప్తే అబ్బా దగ్గర జవాబు తయారుగా ఉండేది. రమ్మీ జువా కాదు, నైపుణ్యమున్న ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిందనేవాడు. నిజమే, అది సికింద్రాబాద్ క్లబ్బు మీద పెట్టిన కేసు. పందేల ఆట మీద క్లబ్బువాళ్లు లాభం తీస్తే నేరం కావచ్చని అదే తీర్పులో ఉంది. ఆ సగం అబ్బా ఎప్పుడూ చెప్పలేదు. సూరె మాయిదా తొంభయ్యో ఆయత్ జువా గురించి ఏం చెప్తుందో కూడా ఆయనకి తెలుసు. జుమ్మా ఒక్కటీ తప్పేవాడు కాదు.

ఇంతికాల్ అయిన తర్వాత ఆయన చొక్కాలు ఇచ్చేద్దామని తీస్తే ఒక జేబులో ఎర్ర కాయిన్ దొరికింది. అంకె అరిగిపోయింది. అమ్మ పారేయమంది. నేను పెట్టెలో దాచాను, ఎందుకో నాకే తెలీదు.

ఆ రాత్రి దాన్ని తెచ్చి మావాడి అరచేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమి "39 కంటే చిన్నదే" అన్నాడు. తర్వాత మొత్తం చెప్పాను. పొలం మామూ చదువుకి అమ్మారనే వాడికి ఇన్నాళ్లూ తెలుసు. నానా అంటే వాడికి ప్రాణం. చాలాసేపు మాట్లాడలేదు.

కాసేపటికి "గంజీఫా ముక్కలు బాబర్ బాద్షా కూడా పంపించాడమ్మీ, 1527లో, బాబర్‌నామాలో ఉంది" అని నన్ను నవ్వించబోయాడు.

"ఆయన షరాబ్ కూడా తాగాడు. ఆ ఏడాదే మానేశాడు, అది చదవలేదా?"

పందెం లేకపోయినా పేకముక్కలు ముట్టొద్దనే ఉలమా చాలామంది. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. నా ఖౌఫ్ వేరు. బిళ్ల పుట్టిందే పైసని మరిపించడానికి. ఈరోజు దాని వెనక చాయ్ ఉంది. రేపు ఏ దోస్తో "ఎర్రది అయిదు రూపాయలనుకుందాం" అంటే బిళ్ల మారదు, చప్పుడూ మారదు. వాడికి ఇలాగే చెప్పాను.

తెల్లారి లేచేసరికి డిజైన్‌లో అంకెలు తీసేశాడు. రంగు చూసి లెక్క గుర్తుంచుకుంటారట. అయిదు వందలు మూడు వందలయ్యాయి. ఏటికొప్పాకలో లక్క రంగుతో చెక్కవి చేయించుకోరా అన్నాను. చెక్క తేలిక, చప్పుడు రాదన్నాడు. మీ నానీ మాతో చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడించేది, వాటికేం చప్పుడు ఉండేదిరా అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

బస్సెక్కేముందు ఆ ఎర్ర కాయిన్ అడిగాడు, డబ్బాలో పైన పెట్టుకుంటానని. ఇవ్వలేదు. నిన్న ఫోన్ చేసి మళ్లీ అడిగాడు. ఆర్డర్ ఇంకా పెట్టలేదట.