స్లాటు

స్లాటు అను నాంగ్లపదము నేడు మన పుల్లలచెరువులో చదువురానివారి నోటను వినబడుచున్నది. పొలము రిజిస్ట్రేషనుకు స్లాటు. బండి లైసెన్సు పరీక్షకు స్లాటు. పదమునకు ముఖ్యమైన యర్థము సన్నని చీలిక. కానుకపెట్టె మూతకున్న సందు స్లాటే. ఒక వస్తువు పట్టు ఖాళీ గనుక, దినములో నొకరికై యుంచిన వేళకును ఆ పేరే చెల్లినది. వేటగాండ్రు జింక అడుగుజాడను గూడ స్లాటందురు. నల్లమల చేరువను పెరుగు మా పిల్లలకు ఈ యర్థమే మిక్కిలి నచ్చినది.

చీలికలో నాణెము వేసిన పనిచేయు యంత్రము క్రొత్తది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున అలెగ్జాండ్రియాలోని హీరో అను పండితుడు అట్టిదానిని వర్ణించెను. నాణెము బరువునకు లోపలి దండము వంగగా నించుక తీర్థము కాఱును. నాణెము జారిపోగానే ధార నిలుచును. మా చిన్ననాటి రైలుస్టేషనులలోని తూనికయంత్రము ఈ జాతిదే. అది యిచ్చు చీటీపై జోస్యము వట్టిదైనను బరువు మాత్రము దక్కెడిది.

1890ల చివరి భాగమున శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే చేసిన లిబర్టీ బెల్ యంత్రము వేఱు దారి పట్టినది. నాణెము వేసి పిడి లాగినచో మూడు చక్రములు తిరుగును. మూడు గంటబొమ్మలు వరుసను నిలిచిన గొప్ప బహుమానము. నేటి ఫోను ఆటలలో చక్రములు వట్టి బొమ్మలు. అవి తిరుగకమునుపే లోపలి గణనము ఫలమును తేల్చివైచును. రెండు గంటలు నిలిచి మూడవది తప్పినప్పుడు "కొంచెములో పోయినది" అనుకొనుట మన భ్రమయే.

చీట్లాట నేర్పుచున్నాడని తలిదండ్రులు కోపింపవలదు. తరగతిలో మూడు ముంతలు పెట్టి, ఒక్కొక్కదానిలో పదేసి చీట్లు వేసితిని. ముంతకొక చీటీపై మాత్రమే గంటబొమ్మ. తీసినది మరల వేయుచు నలువదిమార్లు తీయించితిని. మూడు గంటలు ఒక్కమారును రాలేదు. "ఇన్ని పోయినవి, ఇక రాక తప్పదు" అని యొక బాలుడు పట్టుబట్టెను. ముంతలకు జ్ఞాపకము లేదంటిని. 10×10×10, అనగా 1,000 విధములలో గెలుపు ఒక్కటే.

ఆన్‌లైను జూదమును మన రాష్ట్రము 2020లో నిషేధించినది. 2025లో పార్లమెంటు చట్టము చేసినది. అయినను పంటసొమ్ము ఫోనులో పోయిన యిండ్లు నేనెఱుగుదును. అందుచే నల్లబల్లపై మఱియొక లెక్క వేసితిని. పందెము 10 రూపాయలు. వేయిమార్లకు 10,000 వేసినచో, గెలుపునకు యంత్రము 9,000 ఇచ్చుననుకొందము. నిమిషమునకు పదిమార్లు నొక్కువానికి గంటకు సగటున నష్టమెంత?

600 రూపాయలని మొదట చెప్పినది వెనుకబల్లపై బాలిక. చెప్పి, "మా యమ్మ దినమంతయు మిరపకాయలు కోసినను అంత రాదు, అయ్యగారూ" అనెను.