పత్తికొండ బావి, తెర్నేకల్లు కోట

మా జేజినాయన దగ్గర ఒక ఇనపపెట్టె ఉండేది. నగల కోసం కాదు. పట్టా కాగితాలు, శిస్తు రసీదులు, చెదలు పట్టకుండా వేసిన ఎండు వేపాకు, అంతే. పెట్టె తెరిచే ముందు చేతులు కడుక్కునేవాడు. "ఇది మన్రోలయ్య పుణ్యం రా అబ్బీ" అనేవాడు.

అప్పట్లో మాది పత్తికొండ తాలూకా. జేజినాయన చెప్పే మన్రోలయ్య, అంటే సర్ థామస్ మన్రో, 1827 జులై 6న కలరా సోకి చనిపోయింది పత్తికొండలోనే. మద్రాసు గవర్నరు పదవి నుంచి దిగిపోతూ, ఒకప్పుడు తాను ఏలిన సీమను చివరిసారి చూసిపోదామని వచ్చాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆయన పోయినచోట సర్కారు చింతతోపు వేసి, రాతి మెట్ల బావి కట్టించింది. సంతకు వెళ్ళినప్పుడల్లా జేజినాయన అక్కడ బండి ఆపి, చెప్పులు విడిచి దండం పెట్టేవాడు. మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్ళ గురించి అవ్వ చెప్పేది.

నాకు పదేళ్ళప్పుడు పక్కచేను ఆయనతో గట్టు తగాదా వచ్చింది. సర్వేయరు గొలుసుతో వచ్చాడు. ఒక కొస నా చేతికిచ్చారు. ఎండకు ఇనుము కాలుతోంది, జొన్న మోళ్ళు కాళ్ళలో గుచ్చుకుంటున్నాయి, అయినా వదల్లేదు. కొలత ఆగినచోట తవ్వితే మూరెడు లోతున హద్దురాయి దొరికింది. జేజినాయన దాన్ని పంచె కొంగుతో తుడిచి, చాలాసేపు దాని మీదే చెయ్యి ఉంచి కూర్చున్నాడు. రైతుకు తన చేను తనదేనని చెప్పే రాయి అది. 1802లో మొదలుపెట్టి మన్రో మనుషులు దత్తమండలాలనే ఈ సీమను ఇలాగే చేను చేనుగా కొలిచారు. వాళ్ళ గొలుసు 33 అడుగులు. పక్కకు గొలుసంత ఉండే చదరాలు 40 అయితే ఒక ఎకరం.

మరుసటేడు చుట్టాల పెండ్లికి తెర్నేకల్లు వెళ్ళాం. భోజనాలయ్యాక ఒక ముసలాయన నన్ను ఊరి బయటికి తీసుకెళ్ళాడు. పాతకోట ఇక్కడే ఉండేదంటూ ఒక మట్టిదిబ్బ చూపించాడు.

"ఆ ఏడు వానల్లేవు. శిస్తు కట్టలేమన్నారు మనోళ్ళు. ముత్తుకూరు గౌడప్ప ముందర నిలబడినాడు. ఫిరంగులతో వచ్చిరి. మొదటిసారి తరిమినాం. రెండోసారి మా చేత కాలేదు."

నూటయాభై ఏళ్ళు దాటిన మాట అది. ఆయన 'తరిమినాం' అన్నాడు, 'తరిమినారు' అనలేదు. కిందికి వంగి గుప్పెడు మట్టి తీసి నా అరచేతిలో పోశాడు. "గౌడప్పను ఉరి తీసినారు. మీ మన్రోలయ్య కాలంలోనే."

పెద్దయ్యాక చదివాను. 1800 అక్టోబరులో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అప్పటికి ఇక్కడ 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద 30 వేల మంది ఆయుధాలు పట్టినవాళ్ళు. సైన్యాన్ని నడిపింది జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్, పాలన నడిపింది ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో. తెర్నేకల్లు మీద దాడి 1801 డిసెంబరులో జరిగింది. పాళెగాళ్ళను అణచిన తీరును లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. మన్రో గుడారాల్లో ఉంటూ ఊరూరూ తిరిగాడు, రైతుతో నేరుగా మాట్లాడాడు, నిజమే. శిస్తు బరువు ఆయనకూ తెలుసు. 1807లో వెళ్ళిపోతూ నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్ళు వినలేదు. ఊళ్ళను గుత్తకిచ్చారు. రైతులు చితికిపోయారు. మన్రో గవర్నరై తిరిగి వచ్చాకే రైతు నుంచి నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీని మళ్ళీ పెట్టగలిగాడు. ఆయన మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ తెర్నేకల్లు మట్టిని ఆ మంచితనం కింద కప్పేయడం నాకు చేతకాదు.

ఆ పెండ్లి నుంచి తిరిగొచ్చేటప్పుడు బండిలో ముసలాయన మాటలన్నీ జేజినాయనకు చెప్పాను. ఆయన ఒక్క మాటా అనలేదు. బావి దగ్గర ఎద్దులు అలవాటు కొద్దీ ఆగాయి. ఈసారి ఆయన దిగలేదు, అదిలించనూ లేదు. చాలాసేపటికి అవే కదిలాయి.

రాత్రి చేతులు కడుక్కుని పెట్టె తెరిచాడు. అడుగు నుంచి ఒక రసీదు తీసి లాంతరు దగ్గర పెట్టాడు. అంచులు నలిగి, మడతల దగ్గర చిరిగి ఉంది.

"తెల్లదొరల నాటిది. ఆ ఏడు చేన్లో గింజ రాలేదు. ఎద్దును అమ్మి కిస్తు కట్టిన. జత ఎద్దు నెల దినాలు గాటికాడ అరిచింది."

నాకేం అడగాలో తెలియలేదు. ఆయనే అన్నాడు.

"గౌడప్ప కట్టనన్యాడు. నేను కట్టిన."

రసీదు మడిచి, మళ్ళీ వేపాకు కింద పెట్టాడు.