1.60 మీటర్లు ఎగిరిన అమ్మాయి

డిగ్రీ హిస్టరీలో హిట్లర్ పాఠం చదువుతూ ఇంకొంచెం వెతికితే, ఆటల పీరియడ్ సంగతి ఒకటి దొరికింది. మనకూ పనికొస్తుందని రాస్తున్నా.

యూరప్‌లో యూదులంటే ఒక మాట ఉండేది: పుస్తకాల పురుగులు, ఒంట్లో బలం ఉండదు, పాదాలు చదును, సైన్యానికి పనికిరారు అని. జర్మనీలో వ్యాయామ విద్య దేశభక్తితో కలిసి పెరిగింది. 1811లో యాన్ అనే టీచరు బెర్లిన్‌లో వ్యాయామ మైదానం తెరిచింది నెపోలియన్ని ఎదిరించే కుర్రాళ్లను తయారుచెయ్యడానికే. అలాంటి చోట "బలం లేనివాడు" అంటే "మనవాడు కాదు" అనే. వియన్నాలో ఒక వ్యాయామ సంఘం 1887లోనే యూదుల్ని బయటికి పంపేసింది.

పోనీ, బలం చూపిస్తే ఒప్పుకున్నారా? వియన్నా యూదుల క్లబ్బు హకోఆ 1925లో ఆస్ట్రియా ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది. అయినా ఆ మాట పోలేదు. 1933లో హిట్లర్ వచ్చాక జర్మనీ క్రీడా సంఘాలు యూదుల్ని తీసేశాయి. అలా ఉల్మ్ క్లబ్బు తీసేసిన అమ్మాయి గ్రెటెల్ బెర్గ్‌మన్. 1936 జూన్‌లో ఆమె హైజంప్‌లో 1.60 మీటర్లు ఎగిరింది. అది జర్మన్ రికార్డుతో సమానం. కొద్ది వారాలకే ఉత్తరం వచ్చింది, నీ ఆట సరిపోదని. ఆ ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం హంగరీ అమ్మాయి ఇబోల్యా చాక్‌కి వచ్చింది. ఆమె కూడా యూదురాలే! 1938 నవంబరులో యూదు పిల్లల్ని జర్మనీ బడుల్లోంచే వెళ్లగొట్టారు.

వాళ్ల కథా మన కథా ఒకటి కాదు. వాళ్లది చివరికి సామూహిక హత్యల దాకా పోయింది. కానీ పుట్టుక చూసి ఒంటికి వెల కట్టడం నాకు తెలుసు. పదో తరగతిలో లెక్కల డౌట్ అడిగితే ఒక సారు, "కొండ పిల్లలు, మీకు పరుగు బాగా వస్తది, గ్రౌండుకి పో" అన్నారు. పొగిడినట్టే ఉంటది. వాళ్లకి తెలివుంది, బలం లేదన్నారు. మనకి బలముంది, తెలివి లేదంటారు. ఎదురుగా నిలబడ్డ పిల్లని మాత్రం ఎవరూ చూడరు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నాకు పరుగూ ఇష్టమే, లెక్కలూ ఇష్టమే. సెలవులకి ఊరెళ్తే ఆశ్రమ పాఠశాల పిల్లల్ని "నీకేం ఇష్టం?" అని అడగండి. గ్రెటెల్ సంగతీ చెప్పండి. ఆమె రికార్డుని జర్మనీ 2009లో మళ్లీ పుస్తకాల్లోకి ఎక్కించింది. అప్పటికి ఆమెకు 95 ఏళ్లు.