గెడ్డకి అటూ ఇటూ

మా ముంచింగిపుట్టు వైపు రాష్ట్రాల సంగతి అడిగితే పెద్దవాళ్లు మాచ్‌ఖండ్ నదిని చూపిస్తారు. ‘గెడ్డకి అటు ఒడిశా, ఇటు ఆంధ్రా’. అంతే, పాఠం అయిపోయింది!

కానీ ఆ పాఠం వయసు మరీ ఎక్కువేం కాదు. కొరాపుట్, జయపురం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యాక అవి అటు వెళ్లాయి. తర్వాత నది మీద కరెంటు తీద్దామని మద్రాసు, ఒరిస్సా చేతులు కలిపాయి. పని నడుస్తుండగానే 1953లో ఆంధ్ర రాష్ట్రం పుట్టి మద్రాసు వాటా అందుకుంది. 1955లో ఉత్పత్తి మొదలైంది. మొత్తం ఆరు యంత్రాలు, 120 మెగావాట్లు. పవర్‌హౌస్ ఉన్నది ఒడిశా గట్టున, నడిపేది ఆంధ్రా జెన్‌కో. వాటాలు మొదట 70, 30. చెరి సగం అనే ఒప్పందం 2020లో కుదిరింది. అన్నదమ్ముల పంపకంలా ఎన్నేళ్లు సాగితేనేం, చివరికి మాటామాటా కలిసింది.

మరి మనుషుల మాటేమిటి? రెండు గట్ల మీదా సంతలో వినిపించేది ఒకటే ఆదివాసీ ఒడియా. వియ్యాలూ అటూ ఇటూ అందుకుంటూనే ఉంటారు. అటునుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన ఒకామె కులపత్రం కోసం తిరిగి తిరిగి నన్నడిగింది: ‘నది దాటితే నేను గిరిజనురాలిని కాకుండా పోతానా, బాబూ?’

ఆఫీసువాళ్లని అనడానికేం లేదు. షెడ్యూల్డ్ తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. వలస వెళ్లినవాళ్ల వెంట ఆ హోదా కొత్త రాష్ట్రానికి రాదని సుప్రీంకోర్టు కూడా 1990లో చెప్పింది. సొంత గట్టున పుట్టింటివాళ్ల పత్రం ఆమెకి చెల్లుతుంది. కాపురం చేస్తున్న గట్టున చెల్లదు. ఉద్యోగానికో చదువుకో దరఖాస్తు పెట్టినప్పుడు గానీ ఈ తేడా బరువు తెలియదు.

రాష్ట్రాల గీతలు చెరిపెయ్యమని నేననను. భాష, పరిపాలన కోసం అవి కావలసినవే. జాబితా మార్చడం పార్లమెంటు పని, అదీ తెలుసు. కానీ ఈలోగా చేయగలిగినవి లేకపోలేదు. ఇటు పాడేరులోనూ అటు కొరాపుట్‌లోనూ ఐటీడీఏలు ఉన్నాయి. ఏడాదికోసారైనా ఒక బల్ల దగ్గర కూర్చోవచ్చు. గట్టు దాటి వచ్చిన కోడళ్లకి ఏ పత్రం ఎక్కడ చెల్లుతుందో, ఎవరిని అడగాలో ఇరువైపులా వాళ్ల మాటలోనే చెప్పవచ్చు. పుట్టింటి పత్రం తెచ్చుకోవడానికి ఆ కోడలు కొండలెక్కి దిగే బదులు, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి ఉత్తరం రాయవచ్చు.

యూనిట్ల లెక్క తేల్చుకోగలిగిన రెండు ప్రభుత్వాలకి ఇదేమంత పెద్ద పని కాదు. కాకపోతే కరెంటుకి మీటరుంది, ఆమె తిరుగుడికి లేదు.